మేమూ ఒకప్పుడు విడిపోదామన్నవాళ్ళమే

మా ఊళ్ళో రైలు స్టేషనుకు వెళ్ళే దారిలో ఒక పాత ధాన్యం గోడౌను ఉండేది. దాని పొడవాటి గోడ మీద రెండు మాటలు చూస్తూ పెరిగాను: "జై ఆంధ్ర". ఎవరో తారులో గుడ్డపేలిక ముంచి మనిషెత్తు అక్షరాలతో రాశారు. ప్రతి సంక్రాంతికీ గోడౌను వాళ్ళు గోడకు సున్నం కొట్టించేవారు, ప్రతి వేసవికీ తారు సున్నంలోనుంచి ఊరి పైకి తేలేది. 2013 ఆగస్టులో అదే గోడ మీద, ఆ అక్షరాలకు జానెడు పైన, నీలం పెయింటుతో "జై సమైక్యాంధ్ర" అని కొత్తగా రాశారు. రాసిన కుర్రాళ్ళకు కింద కనిపిస్తున్న అక్షరాలు ఏ ఉద్యమానివో తెలిసి ఉండదు. తెలిస్తే వేరే గోడ చూసుకునేవారు.

ఆ రోజుల్లో నేనూ సమ్మెలో ఉన్నాను. ప్రభుత్వోద్యోగిని కాబట్టి పొద్దున్నే గుంటూరు వెళ్ళి, శిబిరంలో కూర్చుని, ఊరేగింపులో నాలుగు నినాదాలు ఇచ్చి, చీకటి పడ్డాక ఇంటికి చేరేవాణ్ణి. ఒక రోజు అరుగు మీద పడక్కుర్చీలో ఉన్న నాన్న "ఇవాళ ఏమని అరిచార్రా?" అని అడిగారు. "సమైక్యాంధ్ర కావాలని, నాన్నా" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకుంటూ, "మేము మూడున్నర నెలలు జీతాల్లేకుండా కూర్చుని అడిగింది విడిపోవడమేగా. అప్పుడు ఇవ్వనన్న ఢిల్లీ ఇప్పుడు ఇస్తానంటుంటే మీరు వద్దంటున్నారా?" అన్నారు. వెక్కిరింతగా అన్న మాట కాదది. నిజంగానే తెలుసుకోవాలని అడిగారు.

నాన్న 1972లో తాలూకా కచేరీలో చిన్న గుమాస్తా. ఆ ఏడాది డిసెంబరు మొదట్లో మొదలైన ఆంధ్ర ఎన్జీవోల, అంటే నాన్‌గెజిటెడ్ ప్రభుత్వోద్యోగుల, సమ్మె మరుసటి సంవత్సరం మార్చి దాకా, వంద రోజులు దాటి సాగింది. మా ఇంట్లో ఆ సమ్మెను కొలిచిన కొలత వేరు. మొదటి నెల కిరాణా కొట్టువాడు ఖాతా రాసుకున్నాడు. రెండో నెల అమ్మ గాజులు తాకట్టుకు వెళ్ళాయి. మూడో నెల తాతయ్య ఊరినుంచి బియ్యం బస్తా, ఒక తట్ట కందిపప్పు బండి మీద పంపాడు. నాకప్పుడు ఆరేళ్ళు. బడికి సెలవులని సంబరపడటం తప్ప ఇంకేమీ తెలియదు. ఆ గాజులు మళ్ళీ అమ్మ చేతికి వచ్చాయో లేదో నేను ఎన్నడూ అడగలేదు.

నాన్న అడిగిన ప్రశ్నను ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. కోస్తా వాళ్ళం మనం 1972ను మరిచిపోయాం, ఆ మరుపు మనకు చాలా ఖరీదు పడింది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే. తెలంగాణ ఉద్యమం గురించి తెలంగాణ వాళ్ళు రాసుకున్నారు, పాడుకున్నారు, గన్‌పార్కులో స్తూపం కట్టుకున్నారు. ప్రత్యేక రాష్ట్రం కోసం మనం చేసిన ఉద్యమాన్ని మనం అటకెక్కించాం. తెలుగువాళ్ళలో విడిపోదామన్న కోరిక ఒక వైపునే పుట్టిందనీ, రెండో వైపు మొదటినుంచీ కలిసుందామంటూనే ఉన్నదనీ మన పిల్లలు నమ్ముతున్నారు. అది చరిత్ర కాదు.

జై ఆంధ్ర ఉద్యమానికి నిప్పంటించినది ఒక తీర్పు. 1972 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు ఇంకా చెల్లుబాటులోనే ఉన్నాయని చెప్పింది. ముల్కీ అంటే స్థానికుడు, ఈ నిబంధనలు నిజాం కాలంనాటివి. 1919 ఫర్మానాతో వచ్చిన వీటి ప్రకారం హైదరాబాదు సంస్థానంలో ఉద్యోగం చేయాలంటే పదిహేనేళ్ళ నివాసం ఉండాలి. అప్పట్లో ఈ కట్టడి ఉత్తరాదినుంచి వచ్చి కొలువుల్లో స్థిరపడుతున్నవారిని దృష్టిలో పెట్టుకుని చేసినది, ఆంధ్రులను కాదు. 1948లో పోలీసు చర్య తరవాత, ఇంగ్లీషూ తెలుగూ వచ్చిన గుమాస్తాలు, ఉపాధ్యాయులు మద్రాసు రాష్ట్రంనుంచి పెద్దసంఖ్యలో హైదరాబాదుకు వెళ్ళినప్పుడు ముల్కీ అన్న మాటకు కొత్త పదును వచ్చింది. 1952లో "నాన్‌ముల్కీ గో బ్యాక్", "ఇడ్లీ సాంబార్ గో బ్యాక్" అన్న నినాదాలు పుట్టాయి, సిటీ కాలేజీ దగ్గర కాల్పులు జరిగాయి. ఆంధ్రప్రదేశ్ ఇంకా పుట్టలేదు. ఆంధ్ర రాష్ట్రం కూడా పుట్టలేదు. అంటే తెలంగాణ వాళ్ళ భయం విలీనం తరవాత ఎవరో నూరిపోసినది కాదు, విలీనానికి నాలుగేళ్ళ ముందే వీధిలో నెత్తురు కారిన భయం.

ఇక మా వైపునుంచి చూడండి. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మూడేళ్ళు తిరగగానే అది తెలంగాణతో కలిసి ఆంధ్రప్రదేశ్ అయింది, రాజధాని హైదరాబాదుకు మారింది. రాష్ట్రమంతటికీ అదే రాజధాని, సచివాలయం అక్కడే, శాఖాధిపతుల కార్యాలయాలన్నీ అక్కడే. అయితే గుంటూరు కుర్రాడు ఆ రాజధానిలో గుమాస్తా ఉద్యోగానికి దరఖాస్తు పెడితే పరాయివాడు. "మన రాజధానిలో మనకు కూలిపని దొరుకుతుంది, కొలువు దొరకదు" అని నాన్న తరంవాళ్ళు అనుకున్నారంటే అందులో దురాశ కన్న అవమానమే ఎక్కువ ఉంది. రెండు వైపులా ఉన్న బాధ ఒక్క కాగితంలోనే పుట్టింది. ఆ కాగితాన్ని ఇటు పక్కనుంచి చదివితే ఒక అన్యాయం, అటు పక్కనుంచి చదివితే ఇంకొక అన్యాయం.

ఆ కాగితం 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో కుదిరిన పెద్దమనుషుల ఒప్పందం. ఆంధ్ర వైపునుంచి బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు. తెలంగాణ వైపునుంచి బూర్గుల రామకృష్ణారావు, కె.వి. రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు. మంత్రివర్గంలో అరవై, నలభై పాళ్ళు, ముఖ్యమంత్రి ఒక ప్రాంతంవాడైతే ఉప ముఖ్యమంత్రి రెండో ప్రాంతంవాడు, తెలంగాణ మిగులు ఆదాయం తెలంగాణకే, ఉద్యోగాలకు పన్నెండేళ్ళ నివాసం, ఒక ప్రాంతీయ మండలి. చదవడానికి ముచ్చటగానే ఉంటుంది.

మా పల్లెల్లో పెద్దమనుషుల తీర్పు ఎందుకు నిలుస్తుందో ఒక్కసారి ఆలోచించండి. అన్నదమ్ములు గట్టు తగాదా పడితే ఊరి పెద్దలు నలుగురు కూర్చుని తేల్చుతారు. ఆ నలుగురూ మర్నాడు కూడా ఆ ఊళ్ళోనే ఉంటారు. మాట తప్పినవాడు రచ్చబండ దగ్గర వాళ్ళ మొహం చూడాలి, పెళ్ళికి పిలవాలి, చావుకు వెళ్ళాలి. తగాదా పడ్డవాళ్ళు వేరు, తీర్చినవాళ్ళు వేరు. 1956లో ఢిల్లీలో కూర్చున్న ఎనిమిది మందిలో మధ్యవర్తి అన్నవాడు ఒక్కడూ లేడు. వాదులే పెద్దమనుషులు, ప్రతివాదులే పెద్దమనుషులు. అమలు చేయవలసినవాడు ఆ ఎనిమిదిమందిలో ఒకడే, కొత్త రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి కూడా అతనే. సంజీవరెడ్డి తొలి మంత్రివర్గంలో ఉప ముఖ్యమంత్రి లేడు. ఒప్పందంలో రాసిన మొదటి పెద్ద మాట మొదటి రోజునే తప్పితే అడగవలసిన చోటు ఏదీ లేదు. 1958లో రాష్ట్రపతి ఉత్తర్వుతో తెలంగాణ ప్రాంతీయ సంఘం వచ్చింది నిజమే. దానికి సిఫారసు చేసే అధికారం ఉంది కాని ఖజానా తాళం చేతిలో లేదు. తెలంగాణ మిగులు నిధులు ఎంతో తేల్చడానికి 1969లో ఒక కమిటీ వేసి, దాని లెక్క సరిపోక జస్టిస్ భార్గవ అధ్యక్షతన ఇంకొకటి వేయవలసివచ్చింది. ఇంటి ఖర్చు పుస్తకం పన్నెండేళ్ళపాటు ఎవరూ తెరవకపోతే ఇలాగే ఉంటుంది.

అంతకన్న లోతైన లోపం ఇంకొకటి ఉంది. రాజ్యాంగం 16వ అధికరణం ప్రకారం ఉద్యోగానికి నివాస షరతు పెట్టే అధికారం పార్లమెంటుదే. పెద్దమనుషులు సంతకాలు పెట్టినంత మాత్రాన అది చట్టం కాదు. 1957లో పార్లమెంటు చట్టం చేసింది, 1969 మార్చిలో సుప్రీంకోర్టు అందులో తెలంగాణకు సంబంధించిన భాగాన్ని కొట్టివేసింది. రాష్ట్రంలో నివాసం ఉండాలని అడగవచ్చు, రాష్ట్రంలో ఒక భాగంలో ఉండాలని అడగకూడదన్నది ఆ తీర్పు సారం. చట్టం పడిపోయాక, పాత ముల్కీ నిబంధనలు తిరిగి లేచాయా లేదా అన్న సందేహం మిగిలింది. 1972 ఫిబ్రవరిలో హైకోర్టు లేవలేదంది, అక్టోబరులో సుప్రీంకోర్టు లేచాయంది. అలా ఒక తీర్పుతో అప్పటికే రోడ్డెక్కిన తెలంగాణ కుర్రాళ్ళ కోపం ఇంకా పెరిగింది, ఇంకొక తీర్పుతో మేము రోడ్డెక్కాం. కోర్టులు చేసిన తప్పేమీ లేదు. పునాదే లేని గోడకు అవి ఒక్కొక్కసారి ఒక్కొక్క పక్కనుంచి తూకం వేసి చూశాయి, అంతే.

ఆ ఎనిమిది సంతకాల విషయంలో ఒక సంగతి నన్ను ఎప్పుడూ వెంటాడుతుంది. వాళ్ళలో మర్రి చెన్నారెడ్డి 1969లో తెలంగాణ ప్రజాసమితికి నాయకుడై రాష్ట్రం విడదీయమన్నారు. 1971 లోక్‌సభ ఎన్నికల్లో ఆ పార్టీకి తెలంగాణలోని 14 స్థానాల్లో 10 దక్కాయి. గౌతు లచ్చన్న 1972లో జై ఆంధ్ర అంటూ రాష్ట్రం విడదీయమన్నారు. కలుపుదామని రెండు వైపులనుంచీ సంతకం పెట్టినవాళ్ళే, రెండు వైపులనుంచీ విడదీయమని వీధిలోకి వచ్చారు. ఒప్పందం విఫలమైందని చెప్పడానికి ఇంతకన్న సాక్ష్యం అక్కర్లేదు. అందులో ఎవరి తప్పు ఎక్కువన్న లెక్క తేల్చే ఓపిక నాకు లేదు.

మా వైపు తప్పు మాత్రం ఒకటి ఒప్పుకోవాలి. 1969లో తెలంగాణ విద్యార్థులు కాల్పుల్లో చనిపోతున్నప్పుడు మా జిల్లాల్లో ఎవరూ విడిపోదామనలేదు. కొందరు నాయకుల పదవీకాంక్షతో పుట్టిన గొడవ అన్నాం, విశాలాంధ్ర మహదాశయం అన్నాం. మూడేళ్ళు తిరిగి ముల్కీ తీర్పు మనకు ఎదురుతిరగగానే మహదాశయం మాట మరిచిపోయి విడిపోదామన్నాం. నాన్న ఈ విషయం దాచుకోలేదు. "వాళ్ళకు కాలినప్పుడు మాకు వెచ్చగా ఉండేదిరా" అన్నారొకసారి.

ఉద్యమం మాత్రం ఉప్పెనలా వచ్చింది. విద్యార్థులు కాలేజీలు మూయించారు, రైళ్ళు ఆగాయి, ఊరూరా కేంద్ర బలగాలు దిగాయి. నవంబరు చివర్లో ఇందిరా గాంధీ అయిదు సూత్రాల పథకం ప్రకటించారు. ముల్కీ రక్షణలు జంటనగరాల్లో 1977 చివరి దాకా, మిగతా తెలంగాణలో 1980 చివరి దాకా కొనసాగుతాయని అందులో చెప్పారు. రక్షణలకు గడువు పెట్టారని తెలంగాణ వాళ్ళు నొచ్చుకున్నారు, కొనసాగించారని మేము రగిలిపోయాం. ఒకే వాక్యం ఇద్దరినీ గాయపరిచిన ఇంకొక సందర్భం ఇది. ఉప ముఖ్యమంత్రి బి.వి. సుబ్బారెడ్డి పదవి వదిలి ఉద్యమానికి నాయకత్వం వహించారు, ఆంధ్ర మంత్రులు వరసగా రాజీనామాలు చేశారు. ఆ డిసెంబరులోనే ఉద్యమ నాయకుడు కాకాని వెంకటరత్నం గుండె ఆగి చనిపోయారు. విజయవాడ బెంజి సర్కిల్లో ఆయన విగ్రహం ఉండేది. 2013లో సమైక్యాంధ్ర ఊరేగింపులు ఆ విగ్రహం పక్కనుంచే సాగాయి. 1973 జనవరిలో ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు దిగిపోయారు, రాష్ట్రపతి పాలన వచ్చింది. విడదీయడం మాత్రం జరగలేదు. 1969లో తెలంగాణకు కాదన్న ఇందిరా గాంధీ 1972లో ఆంధ్రకూ కాదన్నారు. ఈ ఒక్క విషయంలో ఆమె రెండు ప్రాంతాలనూ సమానంగా చూశారనాలి.

జై ఆంధ్ర భూస్వాముల ఉద్యమం అన్న విమర్శ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. పి.వి. ప్రభుత్వం భూసంస్కరణల చట్టం తెస్తున్న రోజులవి. పది ఎకరాలు పోతాయని భయపడ్డవాళ్ళు ఉద్యమానికి డబ్బు సమకూర్చారనీ, పి.వి.ని దింపడమే వాళ్ళ ఆశయమనీ కమ్యూనిస్టులు చెప్పేవారు. కమ్యూనిస్టు పార్టీలు రెండూ విడిపోవడాన్ని వ్యతిరేకించాయి. ఈ విమర్శలో నిజం లేదని నేననను. మా ఊళ్ళోనే ఉద్యమం ముందువరసలో నిలబడ్డ ఇద్దరు ముగ్గురు పెద్దలకు ఎన్ని ఎకరాలున్నాయో ఊరందరికీ తెలుసు. అయితే వంద రోజులు జీతం వదులుకున్న గుమాస్తాలకు సీలింగు భూమి ఎక్కడిది? మా నాన్నకు ఇంటి స్థలం తప్ప సెంటు భూమి లేదు. ఉద్యమాన్ని వాడుకున్నవాళ్ళున్నారని ఉద్యమమే అబద్ధమంటే, 1969ని చెన్నారెడ్డి పదవి కోసం చేసిన గొడవ అనాలి, 2009ని ఇంకెవరి పదవి కోసమో చేసిన గొడవ అనాలి. ఆ పని మనం చాలాసార్లు చేశాం. ప్రతిసారీ పొరబడ్డాం.

1973 సెప్టెంబరు 21న వచ్చిన ఆరు సూత్రాల పథకం ఆ అధ్యాయాన్ని మూసింది. దాని కోసం రాజ్యాంగాన్ని సవరించి 371-డి అధికరణం చేర్చారు. 1975లో రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి, రాష్ట్రం ఆరు జోన్లయింది. ముల్కీ నిబంధనలు రద్దయ్యాయి. వాటితోపాటు తెలంగాణ ప్రాంతీయ సంఘం కూడా రద్దయింది. మా వాళ్ళు ఈ రెండో సంగతి ఎప్పుడూ చెప్పరు. మేము సమ్మె చేసి విడిపోవడం సాధించలేకపోయాం కాని, తెలంగాణకున్న ఒకే ఒక వేదికను మాత్రం ఎత్తివేయించగలిగాం. కొత్త పద్ధతిలో స్థానికత జిల్లాకూ జోనుకూ పరిమితమైంది. సచివాలయం, శాఖాధిపతుల కార్యాలయాలు, హైదరాబాదు నగర పోలీసు వంటివి ఆ కట్టుబాటుకు వెలుపల ఉంచారు. కొలువులు ఎక్కువగా ఉన్న చోటే తలుపు తెరిచి పెట్టారన్నమాట. 1985 డిసెంబరు 30న ఎన్.టి. రామారావు ప్రభుత్వం 610 జీవో ఇచ్చి, నిబంధనలకు విరుద్ధంగా తెలంగాణలో చేరినవారిని 1986 మార్చి 31లోగా వెనక్కు పంపమంది. ఆ గడువు దాటి పాతికేళ్ళు గడిచినా ఆ జీవో అమలు కావాలన్నది ఉద్యమ నినాదంగానే ఉండిపోయింది. సర్కారు కొలువులో ముప్పై ఏళ్ళు గడిపినవాణ్ణి కాబట్టి చెప్పగలను, ఫలానా తేదీలోగా అని రాసి, చేయకపోతే ఏమవుతుందో రాయని జీవో వట్టి శుభలేఖ.

2009 అక్టోబరులో ఏం జరిగిందో గుర్తుందా? హైదరాబాదు పోలీసు నియామకాల విషయంలో సుప్రీంకోర్టు రాష్ట్రపతి ఉత్తర్వుల్లోని 14-ఎఫ్‌ను చదివి, ఆ కొలువుల వరకు నగరానికి స్థానికత వర్తించదంది. "హైదరాబాదు ఫ్రీ జోన్" అన్న మాట తెలంగాణ అంతటా మార్మోగింది. నవంబరు 29న కె. చంద్రశేఖరరావు నిరాహారదీక్షకు దిగారు, డిసెంబరు 9న తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలుపెడతామని కేంద్ర హోంమంత్రి చిదంబరం ప్రకటన వచ్చింది. 1972 అక్టోబరు తీర్పుతో జై ఆంధ్ర వచ్చింది, దాన్ని చల్లార్చడానికి రాసిన రాతలో మిగిలిన ఒక నిప్పురవ 2009 అక్టోబరు తీర్పుతో తెలంగాణను అంటించింది. ఈ రెండు ఉద్యమాలనూ పగవాళ్ళుగా చూడటం మానుకున్నాక నాకు కనిపించిన వరస ఇది.

డిసెంబరు 23న కేంద్రం వెనక్కు తగ్గింది. జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ వేశారు, వాళ్ళు 2010 చివర్లో ఆరు మార్గాలు చెప్పారు. అన్నిటికన్న మేలని వాళ్ళు ఎంచినది, రాష్ట్రం కలిసే ఉంటూ తెలంగాణకు చట్టబద్ధమైన ప్రాంతీయ మండలి ఇవ్వడం. 1956లో రాసి, 1958లో అరకొరగా తెచ్చి, 1973లో మా కోసం ఎత్తివేసినదాన్ని 2010లో మందుగా రాసిచ్చారు. తెలంగాణ వాళ్ళు దాన్ని చూసి నవ్వుకున్నారంటే తప్పు పట్టలేను. 1955లోనే రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ కోసం వేసిన ఫజల్ అలీ కమిషన్ చెప్పిన దారి ఇంకొకటుండేది. హైదరాబాదు రాష్ట్రాన్ని విడిగా ఉంచి, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తరవాత అక్కడి శాసనసభ మూడింట రెండు వంతుల మెజారిటీతో ఒప్పుకుంటే కలపమంది. తెలుగువాళ్ళ కలయిక గురించి వచ్చిన ప్రతిపాదనలన్నిటిలో, అవతలివాళ్ళ ఇష్టాన్ని ఓటుతో కొలవమన్నది అదొక్కటే. మనకు ఆరేళ్ళు ఆగే తీరిక లేకపోయింది.

నాన్న ప్రశ్నకు తిరిగి వస్తాను. 2009 డిసెంబరునుంచి 2014 ఫిబ్రవరి దాకా మాకు నాలుగేళ్ళ పైచిలుకు సమయం దొరికింది. ఆ నాలుగేళ్ళూ "విడదీయవద్దు" అన్నాం. విడదీస్తే మాకేం కావాలో చెప్పలేదు. చెబితే ఒప్పుకున్నట్టవుతుందని భయం. రాజధాని ఎక్కడ, దానికి డబ్బెవరిస్తారు, హైదరాబాదు ఆదాయంలో ఎన్నేళ్ళు వాటా, ఉమ్మడి సంస్థలు ఎవరివి, కృష్ణా నీళ్ళకు పెద్ద ఎవరు అన్న ఒక్కొక్క ప్రశ్నా ఒక్కొక్క ఉద్యమానికి సరిపోయేది. 2013 చివర్లో మంత్రుల బృందం అభిప్రాయాలు అడిగినప్పుడు మా వైపునుంచి గట్టిగా వినిపించినది వద్దన్న మాటే. 3వ అధికరణం ప్రకారం రాష్ట్ర శాసనసభ అభిప్రాయం అడిగితే చాలు, ఒప్పుకోలు అక్కర్లేదని తెలిసి కూడా, 2014 జనవరిలో బిల్లును మూజువాణి ఓటుతో తిరస్కరించి ఏదో సాధించామనుకున్నాం. ఇల్లు పంచుకునే రోజున దొడ్డి మీద హక్కు అడగవలసినవాడు, పంచవద్దని వీధిలో కూర్చుంటే, లోపల గోడలు ఎక్కడ కట్టాలో అవతలివాళ్ళు తేల్చుకుంటారు.

1972ను గుర్తుపెట్టుకుని ఉంటే ఇలా జరిగేది కాదని నా వాదన. ఒకసారి విడిపోదామని అడిగినవాడికి విడిపోవడం ప్రళయంగా కనిపించదు. దాని ఖర్చు ఎంత, లాభం ఎంత అని ఆలోచిస్తాడు. నాన్న తరం 1972లో హైదరాబాదు వదులుకుని వేరే రాజధాని కట్టుకోవడానికి సిద్ధపడింది. అప్పటికి ఆ నగరంతో పదహారేళ్ళ అనుబంధం. మేము వదులుకున్ననాటికి యాభై ఎనిమిదేళ్ళు. మా పిల్లల చదువులు, ఉద్యోగాలు, మేము కొన్న ఫ్లాట్లు, రాష్ట్రమంతా కట్టిన పన్నులతో పెరిగిన సంస్థలు అన్నీ అక్కడే ఉండిపోయాయి. మా వాళ్ళలో సమైక్యం గురించి అందరికన్న గట్టిగా మాట్లాడినవారిలో చాలామందికి సమైక్యమంటే హైదరాబాదే. శ్రీకాకుళం రైతుకూ ఆదిలాబాద్ రైతుకూ మధ్య ఉన్న బంధం గురించి మాట్లాడినవాణ్ణి శిబిరంలో నేనొక్కణ్ణీ చూడలేదు. నేనూ మాట్లాడలేదు.

2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో బిల్లు చర్చకు వచ్చిన రోజు జరిగింది ఈ వాదనకు దగ్గరగా ఉంటుంది. ప్రధాని మన్మోహన్ సింగ్ మిగిలిన ఆంధ్రప్రదేశ్‌కు అయిదేళ్ళు ప్రత్యేక హోదా ఇస్తామన్నారు. అయిదు కాదు పదేళ్ళు కావాలని లేచి బేరమాడినది ఎం. వెంకయ్యనాయుడు, 1972లో విద్యార్థిగా జై ఆంధ్ర అన్న మనిషి. ఇది యాదృచ్ఛికమని మీరనవచ్చు. విడిపోవడమంటే ఏమిటో కుర్రతనంలోనే ఆలోచించినవాడికి, ఆ రోజు అడగవలసింది తోచిందని నేననుకుంటాను. అయితే ఆ హోదా చట్టంలో ఎక్కలేదు, సభలో మాటగా మిగిలింది. పోలవరం జాతీయ ప్రాజెక్టు అన్నది చట్టంలో ఎక్కింది, అందుకని కుంటుకుంటూనైనా నడిచింది. హోదా ఇవ్వలేమని, దానికి బదులు సాయం చేస్తామని 2016 సెప్టెంబరులో కేంద్రం చెప్పేసింది. అలా చెప్పిన ప్రభుత్వంలో వెంకయ్యనాయుడు మంత్రి. మేము "మాట తప్పారు" అని ఊరేగింపులు తీశాం. తెలంగాణ వాళ్ళు 1956 గురించి అన్న మాటే అది, అక్షరం పొల్లుపోకుండా.

రాయలసీమ మిత్రులు ఇక్కడ గొంతు సవరించుకుంటారని తెలుసు. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇల్లు శ్రీబాగ్‌లో కుదిరిన ఒడంబడిక ప్రకారం రాజధానో హైకోర్టో సీమ కోరుకున్నది సీమకివ్వాలి, కృష్ణా తుంగభద్ర నీళ్ళలో సీమకు ముందు పాలు ఇవ్వాలి. కర్నూలుకు రాజధాని మూడేళ్ళు దక్కింది. 2014 తరవాత రాజధాని గురించి ఆలోచించినప్పుడు మా జిల్లాల్లో ఎంతమందికి శ్రీబాగ్ పేరు గుర్తొచ్చింది? తెలంగాణ పెట్టిన ఫిర్యాదులో మేము ముద్దాయిలం, ఢిల్లీ మీద పెట్టిన ఫిర్యాదులో మేమే వాదులం. సీమ ఫిర్యాదు వినడానికి మాకు తీరిక దొరకలేదు.

నాన్న 2015లో పోయారు. కాగితాలు సర్దుతుంటే ఇనప్పెట్టెలో ఆయన సర్వీసు రిజిస్టరు నకలు దొరికింది. ఇంక్రిమెంట్లు, బదిలీలు, సెలవులు అన్నీ నల్ల సిరాతో వరసగా ఉన్నాయి. 1972 డిసెంబరు, 1973 మార్చి మధ్య కాలానికి మాత్రం ఎర్ర సిరాతో ఒక పంక్తి, కింద ఎవరిదో పొట్టి సంతకం. నా రిజిస్టరులోనూ 2013కు అలాంటిదే ఒక పంక్తి ఉంది. ఆయన విడదీయమన్నందుకు, నేను విడదీయవద్దన్నందుకు.

ఆ రాత్రి ఆయన అడిగినదానికి నేను జవాబు చెప్పలేదు. భోజనం చేసి పడుకున్నాను. మర్నాడు పొద్దున్నే మళ్ళీ గుంటూరు బస్సెక్కాను. ఆ రోజు రోడ్డు మీద వంటావార్పు, మా శాఖ వంతు. పులిహోరకు నిమ్మకాయలు పిండే పని నాకు పడింది.